గర్భనిరోధక గోలీ: ఎవరి ఒంటిమీద తేలిన లెక్క?

మాలో ఒకరి చిన్నమ్మ సంగతితో మొదలుపెడతాం. 1998లో ఆమెకు టీబీ వచ్చింది. అప్పటికి ఇద్దరు పిల్లలు. మిరపకోతలకు పోయే మనిషి, దగ్గుతో రెండు సాళ్ళు కూడా కొయ్యలేని స్థితికి వచ్చాక గానీ ఆస్పత్రికి పోలేదు. టీబీ మందులు మొదలుపెట్టారు. ఈలోగా మళ్ళీ కడుపు రాకూడదని ఊరి నర్సమ్మ మాలా-ఎన్ గోలీలు ఇచ్చింది. చిన్నమ్మ రెండు మందులూ మింగింది. నాలుగో నెలలో నెల తప్పింది.

ఆ తర్వాత జరిగింది ఎవరైనా ఊహించగలరు. "సరిగ్గా మింగావా?" అని నర్సమ్మ అడిగింది. అదే మాట డాక్టరూ అడిగాడు. అత్త అడగలేదు, తేల్చేసింది: దీనికి మతి లేదు, ఓ రోజు మింగి ఓ రోజు మానేసుంటుంది. చిన్నమ్మ ఖాళీ అట్టలు తెచ్చి చూపించింది. ఖాళీ అట్ట ఏం సాక్ష్యం చెబుతుంది, పారేశావేమో అన్నారు. చివరికి తనే నమ్మింది, ఏదో రోజు మరిచిపోయే ఉంటానని. బిడ్డ పుట్టాక ఆపరేషన్ చేయించారు. పాతికేళ్ళపాటు ఆ తప్పును తన లెక్కలోనే ఉంచుకుంది.

తప్పు ఆమెది కాదు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటుంటుంది. అది కాలేయాన్ని ఎంత చురుకు చేస్తుందంటే, గోలీలోని హార్మోన్లు ఒంట్లో పని చేసేలోగానే కాలేయం వాటిని విరిచి బయటికి తోసేస్తుంది. రోజూ ఠంచనుగా మింగినా గోలీ బలం నిలవదు. ఇదేమీ కొత్తగా తెలిసింది కాదు. టీబీ మందూ గోలీ కలిపి వాడుతున్న స్త్రీలకు నెలసరి క్రమం చెదిరిపోతోందని జర్మనీ డాక్టర్లు 1971లోనే రాశారు. అంటే చిన్నమ్మకు గోలీలు ఇచ్చేనాటికి 27 ఏళ్ళ పాత సంగతి అది. పుస్తకంలో ఉన్న సంగతి మా వాడకు ఎందుకు రాలేదన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం. జవాబు కోసం గోలీ చరిత్ర అంతా తిరగెయ్యాల్సి వచ్చింది.

ముందు గోలీ పని చేసే తీరు చెప్పుకుందాం. మన పత్రికల్లో స్త్రీల శరీరం గురించి కవితలు చాలా వచ్చాయి గానీ ఇలాంటి సంగతులు తక్కువ.

నెలకొకసారి అండాశయంలో ఒక అండం పక్వమై విడుదలవుతుంది. ఇందుకు ఆజ్ఞ మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. అది రెండు రకాల హార్మోన్లు పంపుతుంది. ఒకటి అండాన్ని పెంచుతుంది, రెండోది ఒక్కసారిగా ఉప్పెనలా వచ్చి అండాన్ని బయటికి పంపిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఈ ఆజ్ఞలు ఆగిపోతాయి, ఎందుకంటే ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అప్పటికే నిండుగా ఉంటాయి. గోలీ ఈ కిటుకునే వాడుకుంటుంది. ప్రయోగశాలలో తయారైన ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కొద్దికొద్దిగా రోజూ ఒంట్లోకి పోతుంటే పిట్యూటరీ ఆ ఉప్పెన పంపదు. అండం విడుదల కాదు. గోలీ చేసే అసలు పని ఇదే. దీనితోపాటు ప్రొజెస్టిన్ వల్ల గర్భాశయ ముఖద్వారం దగ్గరుండే జిగురు చిక్కబడి మగకణం లోపలికి పోలేదు. గర్భాశయం లోపలి పొర పల్చబడుతుంది. తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, పక్క కూడా ఎత్తేసినట్టు.

ప్రభుత్వం పంచే మాలా-ఎన్ అట్టలో 28 గోలీలుంటాయి. 21 గోలీల్లో ఒక్కోదానిలో లెవొనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు. మిగతా 7 ఉత్త ఇనుము గోలీలు. ఆ ఏడు రోజుల్లో హార్మోను అందక రక్తస్రావం అవుతుంది. అది అసలు నెలసరి కాదు, నెలసరిలాంటిది. ఆ ఏడు రోజుల విరామం ఒంటికి తప్పనిసరి అని కాదు. నెల నెలా బయట చేరడం కనిపిస్తేనే స్త్రీలు నమ్ముతారని, సహజంగా ఉంటుందని గోలీ తయారు చేసినవాళ్ళు పెట్టిన ఏర్పాటు అది.

ఈ ఏడు రోజుల దగ్గరే అసలు ప్రమాదం. మధ్యలో ఒక గోలీ మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుంటే సరిపోతుంది, ఆ రోజు రెండు పడ్డా సరే. రెండు మూడు వరసగా తప్పితే మాత్రం గోలీలు కొనసాగిస్తూనే ఏడు రోజులు నిరోధ్ కూడా వాడాలి. మింగిన మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ మింగాలి. అన్నిటికంటే చెడ్డది కొత్త అట్ట ఆలస్యంగా మొదలుపెట్టడం. అప్పుడు ఏడు రోజుల విరామం పదో పన్నెండో అవుతుంది, అండాశయం నిద్ర లేస్తుంది. అట్ట అయిపోయేనాటికి నర్సమ్మ రాకపోతే, సబ్‌సెంటర్‌లో సరుకు లేకపోతే జరిగేది సరిగ్గా ఇదే. అయినా పుస్తకాల్లో దానికి "వాడకందారు తప్పు" అని పేరు.

ఇక నమ్మకం సంగతి. గోలీని నియమం తప్పకుండా వాడే వంద మంది స్త్రీలలో ఏడాదికి ఒక్కరికి కూడా కడుపు రాదు, లెక్క ప్రకారం 0.3. మామూలుగా, మనుషులు వాడే తీరులో వాడితే పాత లెక్కల్లో వందకు 9 మంది, 2018లో సవరించిన లెక్కలో 7 మంది. ఏ పద్ధతీ వాడని జంటలు వంద ఉంటే 85 మందికి ఏడాదిలో కడుపు వస్తుంది. ఆడవాళ్ళ ఆపరేషన్ విఫలమయ్యేది 0.5, మగవాళ్ళ ఆపరేషన్ అంతకంటే తక్కువ. ఈ అంకెలు అమెరికా స్త్రీల సర్వేల నుంచి వచ్చినవి. మనవాళ్ళకూ ఇవే చెబుతున్నారు.

0.3కీ 7కీ మధ్య ఉన్న దూరాన్ని చూడండి. గోలీ రసాయనం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా బతుకులో ఉంది. రోజూ ఒకే వేళకు మింగాలంటే ఆ వేళకు మనిషి ఒకే చోట ఉండాలి. తెల్లారి నాలుగింటికి నాట్లకు పోయేవాళ్ళకు, ఆరు నెలలు వలస పోయి ఇటుక బట్టీల దగ్గర ఉండేవాళ్ళకు, ఒకే గదిలో అత్తామామలతో పడుకునేవాళ్ళకు గోలీల అట్ట దాచుకునే చోటే ఒక సమస్య. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడే స్త్రీ దాన్ని బియ్యం డబ్బాలోనో చూరులోనో పెట్టుకుంటుంది. వాన పడితే చూరు తడుస్తుంది. ఇలాంటివి ఏ పరీక్షలోనూ లెక్కకు రావు.

మరి ఆ మొదటి లెక్క ఎక్కడ తేలింది? పోర్టోరికోలో.

అమెరికాలో మార్గరెట్ శాంగర్ అనే కుటుంబ నియంత్రణ ప్రచారకురాలు, కాథరిన్ మెకార్మిక్ అనే ధనికురాలు కలిసి గ్రెగరీ పింకస్ అనే శాస్త్రవేత్తకు డబ్బు సమకూర్చారు. మిన్ చూ చాంగ్ జంతువుల మీద పరీక్షించాడు. జాన్ రాక్ అనే డాక్టర్ మనుషుల మీద మొదలుపెట్టాడు. వాళ్ళుండే మసాచుసెట్స్‌లో గర్భనిరోధం నేరం. అక్కడి వూస్టర్ మానసిక వైద్యశాలలో ఉన్న రోగుల మీద కూడా ఈ మందు ప్రయోగించారు. పెద్ద పరీక్షకు చాలామంది స్త్రీలు కావాలి. ఒక బోను నిండా స్త్రీలు ఎక్కడ దొరుకుతారు అనే అర్థంలో మెకార్మిక్ ఒక ఉత్తరం రాసింది. స్త్రీల విముక్తి కోసం ఖర్చు పెట్టిన మనిషే ఆమె, అందులో సందేహం లేదు. అయితే ఏ స్త్రీల విముక్తి, ఎవరిని బోనులో పెట్టి?

బోను దొరికింది. పోర్టోరికో అమెరికా ఏలుబడిలో ఉన్న ద్వీపం. బీదరికం ఎక్కువ, జనం ఎక్కువ, గర్భనిరోధం 1937 నుంచి చట్టసమ్మతం, క్లినిక్కులు ఊరూరా ఉన్నాయి. 1956లో శాన్ హువాన్ దగ్గర రియో పియెద్రాస్ అనే చోట, మురికివాడలు తీసేసి కట్టిన గృహ సముదాయంలో పరీక్ష మొదలైంది. పిల్లలు పుట్టకుండా ఉండే మందు అని చెప్పారు. ఇది ఇంకా పరీక్షలో ఉందని, ఒంటికి ఏమవుతుందో తమకూ పూర్తిగా తెలియదని చెప్పలేదు. స్త్రీలు ఎగబడి వచ్చారు. ఎందుకు రారు? అప్పటికే ఆ ద్వీపంలో పిల్లలు వద్దనుకునే పేద స్త్రీకి మిగిలిన పెద్ద దారి ఆపరేషనే. 1960ల నాటికి అక్కడ పిల్లల్ని కనే వయసు స్త్రీలలో మూడోవంతు మందికి ఆపరేషన్ అయిపోయింది.

పరీక్ష చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే అనే స్త్రీ. ఆమె తేల్చింది రెండు ముక్కల్లో: సరిగ్గా వాడితే కడుపు రాదు, కానీ 17 శాతం స్త్రీలు తలతిప్పు, వాంతులు, తలనొప్పి, కడుపునొప్పి అంటున్నారు, కాబట్టి అందరికీ పనికిరాదు. పింకస్ మొదటి ముక్క తీసుకున్నాడు. రెండోదాన్ని స్త్రీల మనసులోని భయంగా కొట్టేశాడు. ఆనాటి ఎనోవిడ్ గోలీలో ఈస్ట్రోజన్ 0.15 మిల్లీగ్రాములు. ఇవాళ మాలా-ఎన్‌లో ఉన్నది 0.03. రెండూ ఒకే రకం ఈస్ట్రోజన్ కాకపోయినా ఎంత మోతాదు ఆ స్త్రీల ఒంట్లో పోశారో ఊహించుకోవచ్చు. వాంతులు మనసులోవి కావు.

1957లో ఎనోవిడ్‌ను నెలసరి బాధలకని, 1960లో గర్భనిరోధానికని అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది. 1961లోనే బ్రిటన్‌లో ఒక డాక్టర్ గోలీ వాడిన స్త్రీకి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన సంగతి రాశాడు. 1969లో ఈస్ట్రోజన్ 0.05 మిల్లీగ్రాములకు మించిన గోలీలు వాడొద్దని బ్రిటన్ నిపుణుల సంఘం చెప్పింది. 1970లో అమెరికా సెనేట్ విచారణ జరిపింది. గోలీ మింగిన ఒక్క స్త్రీని కూడా సాక్ష్యానికి పిలవలేదు. స్త్రీలే లేచి అరిచి విచారణ ఆపారు. ఆ అరుపుల ఫలితమే గోలీల పెట్టెలో ఇవాళ కనిపించే హెచ్చరిక కాగితం. మా వాడలకు అట్ట వచ్చేసరికి ఆ కాగితం చాలాసార్లు రాదు, వచ్చినా చదవలేనంత చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంకో కొస కూడా ఉంది. గోలీకి కావలసిన హార్మోను చౌకగా తయారైంది మెక్సికో అడవుల్లో దొరికే బార్బాస్కో అనే దుంప వల్ల. దాన్ని తవ్వింది అక్కడి పేద రైతులు, కూలీలు. 1951లో మెక్సికో నగరంలో జెరాసీ, రోసెన్‌క్రాంజ్ అనే శాస్త్రవేత్తల దగ్గర పని చేస్తున్న లూయిస్ మిరమోంటెస్ అనే కుర్రవాడి చేతిలో నోరెథిస్టెరాన్ తయారైంది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ మన దగ్గరికి వస్తుంది.

ఇక్కడ మన పాఠకులకు ఒక అనుమానం రావచ్చు. అంటే గర్భనిరోధమే సామ్రాజ్యవాద కుట్ర, అగ్రకుల కుట్ర అంటారా? అనం. మన వాళ్ళలో కొందరు అలా అంటున్నారు, మన జనాభా తగ్గించడానికే ఇదంతా అని. ఆ మాట అనే మగవాళ్ళు పదో నెల మొయ్యరు. బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ విషయంలో ఏమన్నాడో వాళ్ళు చదవాలి.

1938 నవంబరులో బొంబాయి శాసనసభలో గర్భనిరోధ సౌకర్యాలు ప్రభుత్వమే కల్పించాలని ఒక తీర్మానం వచ్చింది. దాని వెనుక ఉన్నది అంబేడ్కర్. ఆయన ఆ రోజు సభకు రాలేకపోతే ఆయన తరఫున పి.జె. రోహమ్ ప్రసంగం చదివాడు. కాన్పు నొప్పులు మగవాడు పడాల్సి వస్తే ఒక్క బిడ్డకు మించి కనడానికి ఎవడూ ఒప్పుకోడు అన్న వాదన అందులో ఉంది. సభలో తీర్మానం ఓడిపోయింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1934లో, లైంగిక విజ్ఞానం మీద పత్రిక నడిపిన ఆర్.డి. కర్వేపై అశ్లీలం కేసు పెడితే ఆయన తరఫున వాదించింది కూడా అంబేడ్కరే. 1942లో నాగపూర్ దళిత మహిళా సభలో ఎక్కువమంది పిల్లల్ని కనొద్దని స్త్రీలకు నేరుగా చెప్పాడు. మదరాసు వైపు పెరియార్ 1930 నాటికే రాశాడు: దేశానికి తిండి చాలదని కాదు, స్త్రీకి స్వేచ్ఛ కావాలి గనక గర్భనిరోధం కావాలని.

అదే కాలంలో గర్భనిరోధం గురించి మాట్లాడినవాళ్ళు ఇంకా ఉన్నారు. 1928లో మదరాసులో పెద్ద పదవుల్లోని వాళ్ళు నియో మాల్థూసియన్ లీగ్ పెట్టారు. వాళ్ళ దిగులు వేరు: పేదలు, తక్కువ కులాలు ఎక్కువ కంటున్నారు, దేశం చెడిపోతోంది. 1935-36లో శాంగర్ ఇండియాకు వచ్చి వార్ధాలో గాంధీని కలిసింది. బ్రహ్మచర్యం తప్ప వేరే సాధనం ఆయన ఒప్పుకోలేదు. నిగ్రహం నేర్చుకోమని చెప్పేవాడొకడు, సంఖ్య తగ్గమని చెప్పేవాడొకడు. స్త్రీ ఇష్టం అని మాట్లాడింది అంబేడ్కర్, పెరియార్. 1952లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తీసుకున్నది మాత్రం ఆ లీగు వాళ్ళ భాష. లక్ష్యాలు, అంకెలు, "కేసులు". ఒక స్త్రీ ఆపరేషన్‌కు వస్తే ఆమె ఒక కేసు.

ఇక పటాన్‌చెరు. 1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో భారత వైద్య పరిశోధనా మండలి నెట్-ఎన్ అనే ఇంజెక్షన్‌ను పరీక్షిస్తోంది. రెండు నెలలకొకసారి పొడిస్తే కడుపు రాదు. దానిలో ఉన్నది మెక్సికోలో పుట్టిన ఆ నోరెథిస్టెరానే. స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వెళ్ళి చూస్తే, వచ్చిన పేద స్త్రీలకు ఇది పరీక్ష అన్న సంగతే తెలియదు. పిల్లలు పుట్టకుండా సూది వేస్తారని మాత్రమే విన్నారు. రియో పియెద్రాస్‌లో చెప్పిన మాట, 29 ఏళ్ళ తర్వాత, తెలుగులో. 1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, ఇంకొందరు కలిసి సుప్రీం కోర్టుకు పోయారు. కేసు 2000 దాకా నడిచింది. నెట్-ఎన్‌ను కార్యక్రమంలో సామూహికంగా వాడం అని ప్రభుత్వం చెప్పాక ముగిసింది. ఈ పోరాటానికి మనం రుణపడి ఉన్నాం. ఒక్క మాట మాత్రం అనాలి: ఆనాటి రాతలన్నీ "పేద స్త్రీలు" అన్న మాట దగ్గర ఆగిపోతాయి. పేద అంటే ఊళ్ళో ఏ వైపు నుంచి వచ్చినవాళ్ళు అని అడగడం స్త్రీవాదులకు అప్పుడు తోచలేదు. 2017లో ఇంకో ఇంజెక్షన్, డి.ఎం.పి.ఏ., "అంతర" అనే పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది.

పేర్ల సంగతి వచ్చింది గనక చెప్పాలి. ప్రభుత్వం గోలీకి పెట్టిన మాలా అనే పేరుకు హిందీలో పూలదండ అని అర్థం. మన పల్లెల్లో ఆ మాట ఇంకోలా వినపడుతుంది. ఢిల్లీలో పేరు పెట్టినవాళ్ళకు ఒక కులం పేరు మందు మీద పడుతుందన్న స్పృహ ఉండే అవకాశమే లేదు, వాళ్ళ చెవులు అలా పెరగలేదు.

మన దేశంలోనే తయారైన గోలీ కూడా ఒకటుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో నిత్యానంద్ బృందం సెంట్‌క్రోమాన్ తయారు చేసింది. 1991లో "సహేలీ" పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇది హార్మోను కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకసారి మింగితే చాలు. అండం విడుదలను మామూలుగా ఆపదు. గర్భాశయం పొరను అండం అంటుకోకుండా చేస్తుంది. కూలి చేసే స్త్రీకి వారానికొకటి అనేది రోజుకొకటి కంటే ఎంత సులువో వేరే చెప్పక్కర్లేదు. అయినా అది ప్రభుత్వ ఉచిత పంపిణీలోకి "ఛాయ" పేరుతో రావడానికి 2016 దాకా పట్టింది. పాతికేళ్ళు!

ఆ పాతికేళ్ళూ ప్రభుత్వ దృష్టి ఆపరేషన్ల మీదే. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, 82 లక్షల ఆపరేషన్లు, ఎక్కువ మగవాళ్ళకు. ప్రభుత్వం పడిపోయింది. మగవాళ్ళకు కత్తి పెడితే ఓట్లు పోతాయని నాయకులకు అర్థమైంది, కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది. ఇవాళ దేశంలో మగవాళ్ళ ఆపరేషన్లు 0.3 శాతం, పెళ్ళయిన స్త్రీలలో ఆపరేషన్ అయినవాళ్ళు 38 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది దాదాపు 70, తెలంగాణలో 60 పైచిలుకు. ఇవి 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు. ఆంధ్రలో గోలీ వాడేది వందకు ఒక్కరు కూడా లేరు. ఇంకో పిల్లో పిల్లాడో కావాలా అని నిదానంగా ఆలోచించుకునే వ్యవధి, గోలీ ఇచ్చే వ్యవధి, మన స్త్రీలకు దక్కలేదు. ఇరవై నాలుగేళ్ళకే ఆపరేషన్ అయిపోయిన అమ్మాయిలు ప్రతి వాడలో ఉన్నారు.

ఆపరేషన్ ఎలా జరుగుతుందో కూడా చరిత్రే. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు చేశారు, 13 మంది చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీం కోర్టు మూడేళ్ళలో శిబిరాలు ఆపమంది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజే 34 మందికి చేశారు, నలుగురు చనిపోయారు. గోలీ వల్ల రక్తం గడ్డకడుతుందని భయపెట్టేవాళ్ళు ఈ లెక్క పక్కన పెట్టుకుని మాట్లాడాలి.

భయం అబద్ధమని మేమనడం లేదు. గోలీ వాడే పదివేల మందిలో ఏడాదికి 3 నుంచి 9 మందికి రక్తం గడ్డకట్టొచ్చు. వాడనివాళ్ళలో 1 నుంచి 5. కడుపుతో ఉన్నవాళ్ళలో 5 నుంచి 20. కాన్పయిన కొత్తలో ఇంకా ఎక్కువ. అంటే కడుపు కంటే గోలీ ప్రమాదం తక్కువ. కానీ ఎవరికి? బి.పి. చూడకుండా గోలీ ఇవ్వకూడదు. 35 దాటి పొగతాగే స్త్రీకి ఇవ్వకూడదు. గోలీ పుస్తకాల్లో ఇది సిగరెట్టు తాగే పట్నపు స్త్రీల గురించి అన్నట్టు రాస్తారు. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే మన అమ్మలు, అమ్మమ్మలు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవాళ్ళు, వాళ్ళను పొగతాగేవాళ్ళుగా ఎవరన్నా అడిగి రాసుకుంటున్నారా? పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు ఈ గోలీ ఇవ్వకూడదు. మన దగ్గర పాలు ఏడాది, రెండేళ్ళు ఇస్తారు, తల్లికి ఉన్న తిండి అదీ ఇదీ. రక్తహీనతకు మాత్రం గోలీ మేలే చేస్తుంది, స్రావం తగ్గుతుంది, ఆ ఏడు ఇనుము గోలీలు పారేయకుండా మింగితే ఇంకా మేలు. చాలామంది వాటిని పారేస్తున్నారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు గనక. లైంగిక రోగాలను, ఎయిడ్స్‌ను గోలీ ఆపదు. ఇంకోటి: మన ఊళ్ళలో "గోలీలు" అంటే కడుపు రాకుండా వేసుకునేవీ, వచ్చాక పోగొట్టుకునేవీ ఒకటే అనుకుంటున్నారు. ఒకటి కాదు. కడుపు నిలిచాక మాలా-ఎన్ మింగితే కడుపు పోదు.

మళ్ళీ టీబీ దగ్గరికి వద్దాం. టీబీ ఇరుకు ఇళ్ళల్లో, తిండి తక్కువైన ఒళ్ళల్లో పెరిగే రోగం. అది ఊళ్ళో ఏ వైపు ఎక్కువ ఉంటుందో చెప్పాలా? రియో పియెద్రాస్‌లో తేలిన నమ్మకం లెక్క, అమెరికా సర్వేలో తేలిన లెక్క, ఆరోగ్యంగా ఉన్న స్త్రీల లెక్క. రిఫాంపిసిన్ మింగే స్త్రీకి ఆ 0.3 వర్తించదు, ఆ 7 కూడా వర్తించదు. ఆమెకు కాపర్-టీ చెప్పాలి, లేదా నిరోధ్ చెప్పాలి. డి.ఎం.పి.ఏ. ఇంజెక్షన్ మీద రిఫాంపిసిన్ ప్రభావం ఉండదు కాబట్టి, అన్నీ వివరించి ఆమె ఒప్పుకుంటే అదీ ఇవ్వొచ్చు. రిఫాంపిసిన్ ఆపాక కూడా నాలుగు వారాలు జాగ్రత్త అవసరం. ఫిట్స్‌కు వాడే ఫినిటాయిన్, కార్బమాజెపిన్ కూడా ఇదే పని చేస్తాయి. టీబీ మందులు ఇచ్చేది ఒక కార్యక్రమం, గోలీలు ఇచ్చేది ఇంకో కార్యక్రమం. రెండు రిజిస్టర్లు. రెండింటిలోనూ పేరున్న స్త్రీ ఒక్కతే, ఆమెను మాత్రం రెండు రిజిస్టర్లు కలిపి చూసినవాళ్ళు లేరు.

ఈలోగా ప్రభుత్వం మాట మార్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే ఎన్నికల్లో నిలబడొద్దంది, 1997లో రాష్ట్ర జనాభా విధానం వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన తీసేసింది. 1997లో ముఖ్యమంత్రిగా ఉన్నాయనే ఇప్పుడు ఎక్కువమందిని కనండి అంటున్నాడు. మూడో బిడ్డ ఉందని సర్పంచి పోటీకి నిలబడలేకపోయిన మన స్త్రీలకు ఆ ఏళ్ళు ఎవరిస్తారో అడగాలి.

రిఫాంపిసిన్ సంగతి మొన్న చిన్నమ్మకు చెప్పాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను మరిచిపోలేదన్నమాట" అంది. ఆ బిడ్డకు ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి, విజయవాడలో ఆటో నడుపుతాడు. వాడికి ఇదంతా చెప్పొద్దంది. మందు పనిచెయ్యక పుట్టాననుకుంటాడు, అంది. కాసేపాగి కోడలిని పిలిచి, ఆశమ్మ ఇచ్చిన గోలీల అట్ట తెమ్మని, మీద ఏం రాసుందో మాచేత చదివించుకుంది.